ఇంట గెలవడానికి పదహారేళ్లు

ప్రపంచమంతటా గెలిచిన వర్జీనియా వేడ్ సొంత దేశపు పచ్చికపై అన్నేళ్లు ఎందుకు తడబడింది?

1968 ఏప్రిల్. దక్షిణ ఇంగ్లండులో బోర్న్‌మత్ అనే సముద్రతీర పట్టణం. అక్కడ జరిగిన టెన్నిసు పోటీలలో మహిళల సింగిల్స్ విజేతకు 300 పౌన్లు బహుమతిగా ప్రకటించారు. గెలిచిన యువతికి ఇరవై రెండేళ్లు. పేరు వర్జీనియా వేడ్. ఆమె విజయాన్ని స్వీకరించింది గాని డబ్బును మాత్రం వద్దన్నది.

ఆ రోజులలో 300 పౌన్లు చిన్న మొత్తమేమీ కాదు. వేడ్ ధనవంతుల బిడ్డ కూడా కాదు. ఆమె నిరాకరణకు కారణం తెలియాలంటే ఆనాటి టెన్నిసు లోకపు విచిత్రమైన కట్టుబాట్లను కొంచెం తెలుసుకోవాలి. అంతకుముందు వింబుల్డన్ వంటి మహా పోటీలు అమెచ్యూరులకే పరిమితం. అంటే, ఆడినందుకు ప్రతిఫలం పుచ్చుకోనివారికి మాత్రమే ప్రవేశం. ఆటనే వృత్తిగా స్వీకరించిన రాడ్ లేవర్, కెన్ రోజ్‌వాల్ వంటి మహారథులు ఎన్నో ఏళ్లు ఆ గడప తొక్కలేకపోయారు. లోపల ఉన్న అమెచ్యూరులకేమో ఖర్చుల పేరిట చాటుమాటుగా డబ్బు ముట్టుతూనే ఉండేది. ఈ బూటకాన్ని ఇక సాగనివ్వరాదని 1967 డిసెంబరులో బ్రిటిష్ టెన్నిసు సంఘం తీర్మానించింది. మరుసటి మార్చిలో అంతర్జాతీయ సంఘం తల ఊపింది. అందరికీ తలుపులు తెరిచిన మొట్టమొదటి పోటీయే బోర్న్‌మత్‌లో జరిగినది. టెన్నిసు చరిత్రలో ‘ఓపెన్ యుగం’ అక్కడ మొదలైంది. పురుషుల విజేత రోజ్‌వాల్ తన 1000 పౌన్లు తీసుకొన్నాడు. వేడ్ ఇంకా అమెచ్యూరుగానే నమోదై ఉంది కనుక చేయి చాపలేదు.

ఆ విధంగా ఓపెన్ యుగంలో మొదటి మహిళా విజేత అయిన వేడ్, అదే బోర్న్‌మత్‌లో 1945 జూలై 10న జన్మించింది. పుట్టిన ఊరిలోనే చరిత్రకెక్కడం ఎందరికి దక్కుతుంది? అయితే ఆ ఊరిలో ఆమె పెరగలేదు. తండ్రి యూస్టస్ వేడ్ క్రైస్తవ మతాచార్యుడు. ఆమెకు ఏడాది నిండే నాటికి కుటుంబం దక్షిణాఫ్రికాకు తరలివెళ్లింది. అక్కడ ఆయన డర్బన్ ఆర్చ్‌డీకన్‌గా, అంటే చర్చి పాలనలో బిషప్ తర్వాతి హోదాలో పనిచేశారు. వర్జీనియా రాకెట్టు పట్టడం నేర్చింది డర్బన్ ఎండలోనే. పదిహేనేళ్ల వయసులో, 1961లో కుటుంబంతో ఇంగ్లండుకు తిరిగివచ్చింది. ఆంగ్ల నవలలు చదివినవారికి పాస్టరుగారి కూతురు అనగానే ఒక అమ్మాయి కళ్లకు కడుతుంది: తల వంచుకొని సూదిపని చేసుకొనే సాధుశీల. ఈ అమ్మాయి ఆ మూసలో ఇమడలేదు. కోర్టులో ఆమె నడక, తల ఎగరవేయడం, తప్పు జరిగినప్పుడు తనపై తానే మండిపడటం ఏ విక్టోరియన్ నవలలోనూ కనిపించవు. సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో ఆమె గణితం, భౌతికశాస్త్రం చదివి 1966లో పట్టం పుచ్చుకొంది. ప్రపంచస్థాయి టెన్నిసు ఆడుతూ, పక్కనే లెక్కలతోనూ కుస్తీ పట్టిన క్రీడాకారిణులు అప్పుడూ ఇప్పుడూ అరుదే.

1968 సంవత్సరం ఆమె జీవితానికంతటికీ ఒక నమూనా వంటిది. ఏప్రిల్‌లో బోర్న్‌మత్ విజయం. రెండు నెలలు తిరగకముందే వింబుల్డన్. దేశమంతా ఆమెపై ఆశ పెట్టుకొన్నది. ఆమె మొదటి రౌండులోనే, అంతగా పేరులేని స్వీడన్ క్రీడాకారిణి క్రిస్టీనా శాండ్‌బర్గ్ చేతిలో ఓడిపోయింది. సెప్టెంబరులో వేడ్ న్యూయార్కు వెళ్లింది. ఈ మధ్యలో ఆమె వృత్తి క్రీడాకారిణిగా మారింది. మొట్టమొదటి యు.ఎస్. ఓపెన్ అది. ఫైనల్స్‌లో ఆమెకు ఎదురైనది అప్పటికి వరసగా మూడు సార్లు వింబుల్డన్ గెలిచిన బిల్లీ జీన్ కింగ్, అదీ కింగ్ సొంత గడ్డపై. వేడ్ 6-4, 6-2 తేడాతో ఆమెను తేలికగా ఓడించి 6,000 డాలర్లు అందుకొన్నది. ఈసారి వద్దనలేదు. తమాషా ఏమంటే, పురుషులలో గెలిచిన ఆర్థర్ యాష్ ఇంకా అమెచ్యూరే కావడంతో తన 14,000 డాలర్లు అతనికి దక్కలేదు.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నారు మన పెద్దలు. వేడ్ కథ తలక్రిందులు. రచ్చ మొదటే గెలిచింది. 1971లో ఇటాలియన్ ఛాంపియన్‌షిప్, 1972లో ఈవాన్ గూలగాంగ్‌ను ఆమె సొంత దేశంలోనే ఓడించి ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్, ఆ మీదట మార్గరెట్ కోర్ట్‌తో జతకట్టి ఆస్ట్రేలియాలో, ఫ్రాన్సులో, అమెరికాలో డబుల్స్ టైటిల్స్. ఇల్లు మాత్రం ఆమెకు లొంగలేదు.

ఇల్లు అంటే ఇక్కడ వింబుల్డన్. లండను శివార్లలోని ఆ పచ్చిక కోర్టులపై ఏటా రెండు వారాలు జరిగే పోటీ బ్రిటిషు వారికి ఆటకంటే ఎక్కువ, వేసవికాలపు పండుగ. ఆ పండుగలో తమ ఇంటి అమ్మాయి గెలవాలని ప్రతి ఏడాదీ కోరుకొంటారు. 1961లో ఏంజెలా మార్టిమర్, 1969లో ఆన్ జోన్స్ ఆ కోరిక తీర్చారు. తర్వాతి ఆశలన్నీ వేడ్ భుజాలపై పడ్డాయి. పత్రికలు ఆమెను ‘మన జిన్నీ’ అని ముద్దుగా పిలిచేవి. ఓడిన మర్నాడు అవే పత్రికలు దయలేకుండా చీల్చి చెండాడేవి.

సెంటర్ కోర్టు ప్రేక్షకులు దుర్మార్గులు కారు. నిజానికి వారి ప్రేమే ఆమెకు బరువయింది. ఆమె సర్వీసు తప్పినప్పుడు వేల గొంతులు ఒక్కసారిగా నిట్టూర్చేవి. మన నాటక సమాజాలలో అనుభవజ్ఞులను అడిగితే చెబుతారు, పొరుగూరిలో వన్స్‌మోర్‌లు కొట్టించుకొన్న నటుడు సొంత ఊరి రంగస్థలంపై, చిన్ననాటి పంతులుగారు ముందు వరసలో కూర్చున్నప్పుడు, పద్యం మధ్యలో మరచిపోతాడని. అపరిచితుల ముందు ఓడితే ఆట ఓడినట్లే. అయినవారి ముందు ఓడితే మాట తప్పినట్లుంటుంది.

ఆమె ఆటలో కూడా ప్రమాదం ఉంది. వేడ్ వెనుక గీత దగ్గర నిలబడి ఓపికగా బంతిని తిప్పికొట్టే రకం కాదు. గట్టిగా సర్వీసు చేసి, వలవైపు దూసుకుపోయి, వాలీతో పాయింటు ముగించే రకం. మనసు కుదురుగా ఉన్నప్పుడు ఈ ఆట చూడముచ్చటగా ఉంటుంది. బంతిని పైకి ఎగరవేసే చేయి అంగుళం వణికినా అంతా కూలిపోతుంది. 1970లోనూ, 1971లోనూ నాలుగవ రౌండులోనే నిష్క్రమణ. 1972లో క్వార్టర్ ఫైనల్స్‌లో బిల్లీ జీన్ కింగ్ చేతిలో, 1973లో అదే దశలో ఈవాన్ గూలగాంగ్ చేతిలో ఓటమి. 1974లో మొదటిసారి సెమీఫైనల్సు చేరి, రష్యన్ క్రీడాకారిణి ఓల్గా మొరోజొవాపై మొదటి సెట్టు 6-1తో గెలిచి కూడా చివరకు ఓడిపోయింది. 1975లో క్వార్టర్ ఫైనల్స్‌లో గూలగాంగ్‌తో మూడవ సెట్టు 9-7 దాకా పోరాడి ఓడింది. 1976లో మళ్లీ గూలగాంగే, ఈసారి సెమీఫైనల్స్‌లో, ఏకపక్షంగా.

ఈ జాబితాను చూసి జాలిపడేవారు ఒక విషయం మరచిపోతారు. అడుగు అడుగుగా అయినా ఆమె ముందుకే జరుగుతూ వచ్చింది. 1967 నుంచి పుష్కర కాలంపాటు ప్రపంచంలో మొదటి పదిమందిలో ఆమె స్థానం చెక్కుచెదరలేదు. అటువంటి క్రీడాకారిణిని ‘ఓడిపోయే వేడ్’ అని పిలవడం అన్యాయం. కాని ఒక్క పోటీనే కొలబద్దగా పెట్టుకొన్న దేశానికి ఈ న్యాయం ఎక్కదు.

1970ల మధ్యలో రెండు మార్పులు ఆమెకు మేలుచేశాయి. మొదటిది, అమెరికాలో కొత్తగా వెలసిన టీమ్ టెన్నిసు. న్యూయార్కు జట్టులో బిల్లీ జీన్ కింగ్ సరసన ఆమె ఆడింది. ఆ జట్టు 1976లోనూ, 1977లోనూ విజేతగా నిలిచింది. అక్కడి ప్రేక్షకులు ఇంగ్లండువారిలా ఊపిరి బిగబట్టి కూర్చోరు. అరుస్తారు, ఈలలు వేస్తారు. రాత్రికొక ఊరిలో, ఆ గోల మధ్య, ఓడినా మర్నాడు మళ్లీ ఆడవలసిన ఆ అలవాటు ఆమె నరాలకు ఏ వైద్యుడూ ఇవ్వలేని మందు ఇచ్చిందని నా అభిప్రాయం. రెండవది, జెర్రీ టీగార్డెన్ అనే అమెరికన్ శిక్షకుని సహాయంతో తన సర్వీసును సరిదిద్దుకోవడం. ముప్పై దాటిన తర్వాత, పదిహేనేళ్లుగా చేతికి అలవాటైన విద్యను విప్పి మళ్లీ కుట్టుకోవడానికి చాలా నిబ్బరం కావాలి. సాధారణంగా ఆ వయసులో క్రీడాకారులు ఉన్నదాన్ని కాపాడుకోవడంతోనే సరిపెట్టుకొంటారు.

1977 వచ్చింది. వింబుల్డన్ పోటీలు మొదలై నూరేళ్లు. ఎలిజబెత్ మహారాణి సింహాసనమెక్కి ఇరవై అయిదేళ్లయిన రజతోత్సవ సంవత్సరం కూడా అదే. పోటీలు ప్రారంభమైన రోజున జీవించి ఉన్న పూర్వ విజేతలను సెంటర్ కోర్టుపైకి పిలిచి జ్ఞాపక పతకాలు బహూకరించారు. జిమ్మీ కానర్స్ ఆ వేడుకకు రాలేదు. తర్వాత అతను కోర్టులోకి దిగినప్పుడు జనం గేలిచేశారు. రాగలిగి రానివాడు ఒకడైతే, పదిహేనుసార్లు ప్రయత్నించి కూడా ఆ వరసలో నిలబడే అర్హత లేని ఆమె మరొకతె. వేడ్‌కు అది పదహారవ వింబుల్డన్.

సెమీఫైనల్స్‌లో ప్రత్యర్థి క్రిస్ ఎవర్ట్. అంతకుముందు ఏడాది విజేత, ప్రపంచంలో ప్రథమ స్థానంలో ఉన్న ఇరవై రెండేళ్ల అమ్మాయి. క్వార్టర్ ఫైనల్స్‌లో బిల్లీ జీన్ కింగ్‌ను 6-1, 6-2తో చిత్తుచేసి వచ్చింది. ఆటలో చెక్కుచెదరని నిగ్రహం ఆమె సొత్తు. ఎవర్ట్‌తో పందెం అంటే ఎవరి ఓర్పు ముందు తెగుతుందన్న పందెమే. అందరి లెక్క ప్రకారం తెగవలసింది వేడ్ ఓర్పు. వేడ్ మొదటి సెట్టు 6-2తో గెలిచింది, రెండవది 4-6తో పోగొట్టుకొంది. పాత వేడ్ అయితే ఇక్కడే కథ ముగిసేది. మొరోజొవాతో పందెం చూసినవారందరికీ ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. ఈసారి మూడవ సెట్టు 6-1. గెలిచింది వేడ్. 1977 విజయాన్ని గురించి మాట్లాడేవారు ఫైనల్సునూ, మహారాణినీ గుర్తుచేసుకొంటారు. నన్నడిగితే, పదహారేళ్ల ముడి విడిపోయింది ఈ సెమీఫైనల్స్‌లోనే.

ఆ ఏడాది ఈవాన్ గూలగాంగ్ తల్లి అయిన కారణంగా పోటీకి రాలేదు. కనుక వేడ్ దారి సుగమమైందని కొందరు అంటారు. కావచ్చు. ప్రపంచ ప్రథమ క్రీడాకారిణిని ఓడించి వెళ్లిన దారిని సుగమమనడం మాత్రం కష్టం.

రెండవ సెమీఫైనల్స్‌లో మరో బ్రిటిష్ యువతి సూ బార్కర్ గెలిచి ఉంటే ఫైనల్స్ ఇంటి వ్యవహారమయ్యేది. కాని హాలండు క్రీడాకారిణి బెట్టీ స్టోవ్ ఆమెను మూడు సెట్లలో ఓడించింది. పొడుగరి, బలశాలి అయిన స్టోవ్ అంతకుముందు మార్టినా నవ్రతిలోవాను కూడా ఇంటికి పంపింది. వేడ్, స్టోవ్ ఇద్దరూ 1945లోనే, పదహారు రోజుల తేడాతో పుట్టినవారు. ముప్పై ఒకటి, ముప్పై రెండు ఏళ్ల ఇద్దరు స్త్రీలు వింబుల్డన్ ఫైనల్స్‌లో తలపడటం అరుదైన దృశ్యం.

జూలై 1, శుక్రవారం. మహారాణి విచ్చేశారు. ఆమె అంతకుముందు వింబుల్డన్‌కు వచ్చింది 1962లో. సరిగ్గా ఆ ఏడాదే పదహారేళ్ల వర్జీనియా మొదటిసారి ఆ పోటీలో ఆడింది. పదిహేనేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే మధ్యాహ్నం అక్కడ ఉన్నారు.

ఆట గొప్పగా సాగలేదు. ఫైనల్సు తరచుగా అంతే. మొదటి సెట్టు స్టోవ్ 6-4తో గెలిచింది. స్టాండ్లలో మళ్లీ ఆ పాత నిట్టూర్పు. కాని కోర్టులో ఉన్న మనిషి పాత మనిషి కాదు. తల ఎగరవేయలేదు, తనపై తాను విరుచుకుపడలేదు. బంతి తర్వాత బంతిని తాపీగా చక్కబెట్టుకొంటూ పోయింది. స్టోవ్ తప్పులు పెరిగాయి. రెండవ సెట్టు 6-3, మూడవది 6-1. చివరి రెండు సెట్లలో వేడ్ పన్నెండు గేములు గెలిస్తే, స్టోవ్‌కు దక్కినవి నాలుగే. మరి తొమ్మిది రోజులలో ముప్పై రెండేళ్లు నిండనున్న వేడ్ వింబుల్డన్ విజేత.

విజేతకు ఇచ్చే వెండి పళ్లెం పేరు వీనస్ రోజ్‌వాటర్ డిష్. మన మాటల్లో చెప్పాలంటే పన్నీటి పళ్లెం. గులాబీ రంగు కార్డిగన్ తొడుక్కొని, గులాబీ దుస్తులలోనే ఉన్న మహారాణి చేతినుంచి వేడ్ దానిని అందుకొన్నది. అప్పుడు సెంటర్ కోర్టు జనమంతా గొంతెత్తి, ఆంగ్లేయులు పుట్టినరోజులకూ విందులకూ పాడుకొనే అభినందన పాటను, అందులోని ‘అతడు’ స్థానంలో ‘ఆమె’ను చేర్చి పాడారు. ఆ హోరులో మహారాణి ఏమన్నారో తనకు వినపడలేదనీ, ఆమె పెదవులు కదలడం చూస్తుంటేనే సంతోషంగా ఉన్నదనీ వేడ్ తర్వాత చెప్పింది.

పాపం, స్టోవ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది ఆమె మహిళల డబుల్స్‌లోనూ, మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ ఫైనల్స్ చేరి రెండింటిలోనూ ఓడిపోయింది. ఒకే వింబుల్డన్‌లో మూడు ఫైనల్స్, మూడు ఓటములు. చరిత్ర ఆమెను వేడ్ కథలో ప్రత్యర్థిగా మాత్రమే గుర్తుంచుకొన్నది.

వేడ్‌కు ఆనాడు దక్కిన నగదు 13,500 పౌన్లు. పురుషుల విజేత బ్యోర్న్ బోర్గ్‌కు 15,000. ఈ తేడాను వింబుల్డన్ 2007లో గాని తొలగించలేదు.

కోరిన కొండమీద ఒక్కసారి నిలబడినవారు చాలామంది అక్కడితో దిగిపోతారు. వేడ్ దిగలేదు. మరుసటి ఏడాది మళ్లీ సెమీఫైనల్స్. 1983లో, ముప్పై ఏడేళ్ల వయసులో, క్వార్టర్ ఫైనల్స్ చేరింది. 1985 వరకు వింబుల్డన్ సింగిల్స్‌లో ఇరవై నాలుగు సార్లు ఆడింది. డబుల్స్‌ను కలుపుకొంటే ఇరవై ఆరు వింబుల్డన్లు. బ్రిటన్, అమెరికా మహిళా జట్ల మధ్య జరిగే వైట్‌మన్ కప్పులో 1965 నుంచి 1985 దాకా ఒక్క ఏడాదీ మానకుండా ఆడింది. అందులో కొన్నేళ్లు జట్టుకు నాయకురాలు కూడా. 1974, 1975, 1978లలో బ్రిటన్ ఆ కప్పు గెలిచినది ఆమె నాయకత్వంలోనే. సొంతానికి గెలవడం కంటే జట్టు కోసం ఆడటమే ఆమెకు తేలికగా ఉండేదేమో ననిపిస్తుంది.

1982లో వింబుల్డన్ నిర్వాహక సంఘానికి ఎన్నికైన మొదటి మహిళ ఆమే. పదహారేళ్లు తనను లోపలికి రానివ్వని ఇంటికి పెత్తందార్లలో ఒకరయింది. బి.బి.సి.లో వ్యాఖ్యాతగానూ పేరు తెచ్చుకొంది.

ఇన్ని ఉన్నా ఆమెను మరచిపోవడం ఆశ్చర్యంగా ఉంటుంది. 2013 జూలైలో ఆండీ మరే వింబుల్డన్ గెలిచినప్పుడు, డెబ్బై ఏడేళ్ల తర్వాత బ్రిటన్‌కు వింబుల్డన్ విజేత దొరికాడని పత్రికలు పతాకశీర్షికలు పెట్టాయి. 1936లో ఫ్రెడ్ పెర్రీ గెలిచిన నాటినుంచి వేసిన లెక్క అది. పురుషులలో అన్న ఒక్క మాట చేరిస్తే లెక్క సరిపోయేది. ఆ మాట లేకపోవడంతో మార్టిమర్, జోన్స్, వేడ్ ముగ్గురూ లెక్కలోంచి జారిపోయారు. పన్నీటి పళ్లెం ఎత్తి చూపిన ఆ చిత్రం బ్రిటిష్ పత్రికలలో లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. అయినా కొందరికి గుర్తు రాలేదు. ఆ పొరపాటును ఎత్తిచూపినవారూ ఆనాడే చాలామంది ఉన్నారన్నది కొంత ఊరట.

2021 సెప్టెంబరు 11న న్యూయార్కులో యు.ఎస్. ఓపెన్ మహిళల ఫైనల్స్ జరిగాయి. పద్దెనిమిదేళ్ల బ్రిటిష్ అమ్మాయి ఎమ్మా రాడుకాను అర్హత పోటీలనుంచి పైకి వచ్చి, ఒక్క సెట్టయినా కోల్పోకుండా ఫైనల్స్ చేరింది. అక్కడ కెనడా అమ్మాయి లేలా ఫెర్నాండెజ్‌ను 6-4, 6-3తో ఓడించింది. 1977 తర్వాత బ్రిటిష్ మహిళ ఎవరైనా ఒక మహా పోటీలో సింగిల్స్ గెలవడం అదే మొదలు. యు.ఎస్. ఓపెన్‌లోనైతే 1968 తర్వాత మొదలు. ఆ మొదటి యు.ఎస్. ఓపెన్ విజేత, డెబ్బై ఆరేళ్ల వర్జీనియా వేడ్, ఆ సాయంత్రం స్టాండ్లలో కూర్చుని ఉంది. రాడుకాను అందుకొన్న బహుమతి 25 లక్షల డాలర్లు. మూడు వింబుల్డన్‌ల తర్వాత, 2024లోనూ, పన్నీటి పళ్లెంపై బ్రిటిష్ మహిళల చివరి పేరు వేడ్‌దే.